సవర నేర్చుకున్న చరిత్ర మాస్టారు

ముందే ఒప్పేసుకుంటా ఫ్రెండ్స్. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు గలగలా మాట్లాడతా, సినిమా డైలాగులు బాగానే చెప్తా. కానీ ఒక పేజీ తెలుగు చదవాలంటే వేలు పెట్టి కూడబలుక్కోవాల్సిందే. మొన్న సెలవులకి రాజంపేట పోయినప్పుడు మా జేజి ఒక పెళ్ళి పత్రిక ఇచ్చి చదవమంది. ఆమెకి చూపు సరిగా ఆనదు. రెండో లైన్లో చి.ల.సౌ. దగ్గరే ఆగిపోయా. జేజి ఏమీ అనలేదు. పత్రిక వెనక్కి తీసుకుని, సాయంత్రం పిన్ని వచ్చాక చదివించుకుంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మా పిన్ని సర్కారు బళ్ళో టీచరు. ఆమెకి ఇంకో రకం కష్టం. క్లాసులో కొందరు పిల్లలు తండా నుంచి వస్తారు, ఇంట్లో సుగాలి భాష మాట్లాడతారు. వాళ్ళు తెలుగు పాఠం తప్పు లేకుండా చదివేస్తారట, అర్థం అడిగితే మాత్రం మొహాలు చూసుకుంటారట. టీచర్ ట్రైనింగులో పాఠం ఎలా చెప్పాలో నేర్పారు గానీ, బిడ్డకి చదువు ఎక్కడ ఆగిపోతుందో పట్టుకోవడం ఎవరూ నేర్పలేదని పిన్ని బాధ. అమెరికాలో అయితే టీచర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే మళ్ళీ మాస్టర్స్ చేసి రీడింగ్ స్పెషలిస్టులు అవుతారని నేను చెప్పా. మన దగ్గర అట్లాంటి వాళ్ళున్నారా అని అడిగింది. వెతుకుతుంటే కోర్సు కంటే ముందు ఒక మనిషి దొరికాడు. ఆగస్టు 29న మనం స్టేటస్‌లు పెట్టుకునే గిడుగు వెంకట రామమూర్తి గారే. వాడుక భాష కోసం పోరాడాడని స్కూల్లో ఒక మార్కు ప్రశ్నకి బట్టీ పట్టాం కదా. అసలు కథ అంతకంటే చాలా పెద్దది.

ఆయన పుట్టింది 1863లో, శ్రీకాకుళం వైపు ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పన్నెండేళ్ళకే తండ్రి పోయాడు. విజయనగరంలో బంధువుల ఇంట్లో ఉండి మహారాజా వారి బళ్ళో చదువుకున్నాడు. అక్కడ ఆయన క్లాస్‌మేట్ ఎవరో తెలుసా? గురజాడ అప్పారావు! మెట్రిక్ అవ్వగానే ఇల్లు గడవాలి కాబట్టి 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో చరిత్ర టీచరుగా చేరాడు. జీతం ముప్పై రూపాయలు. అప్పటికి ఇంచుమించు మన వయసే. పగలు పాఠాలు చెప్తూ, ప్రైవేటుగా కట్టి బి.ఏ. దాకా పాసయ్యాడు. మధ్యలో ముఖలింగం గుడి శాసనాల మీదికి మనసు పోతే, పుస్తకాలు తెప్పించుకుని పాత లిపులు చదవడం కూడా సొంతంగానే నేర్చుకున్నాడు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉండేవాళ్ళు. వాళ్ళ పిల్లలకి చదువు లేదు. ఒకవేళ బడి పెట్టినా అది వేరే భాషలోనే ఉంటుంది. సవర భాషకీ తెలుగుకీ చుట్టరికం లేదు. అది ముండా భాషల్లో ఒకటి. ఎక్కడో కంబోడియా, వియత్నాం భాషలు దానికి దూరపు బంధువులు. అప్పటికి దానికి లిపి లేదు, పుస్తకం లేదు. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేని కోడ్ అన్నమాట. రామమూర్తి గారు సవర, తెలుగు రెండూ వచ్చిన ఒకతన్ని ఇంట్లోనే పెట్టుకుని మాటలు నేర్చుకున్నాడు. తర్వాత కొండలెక్కి వాళ్ళ మధ్య తిరిగాడు. సవర భాషలోనే వాచకాలు రాశాడు, కథలు, పాటలు పోగుచేశాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి, టీచర్లకి జీతాలు కూడా తనే ఇచ్చాడు. అదంతా ఒక బడిపంతులు సంపాదనలోంచే!

దీనికి ఆయన చెల్లించింది డబ్బు ఒక్కటే కాదు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. శబ్దాలు విని భాష నేర్చుకున్న మనిషికి మిగతా జీవితమంతా చెవుడే. ఇది చదివినప్పుడు కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

అయినా పని ఆపలేదు. భాషాశాస్త్రం పుస్తకాలు చదివి వ్యాకరణం ఎలా కట్టాలో నేర్చుకున్నాడు. దాదాపు ముప్పై ఐదేళ్ళ కష్టం తర్వాత 1931లో ఇంగ్లీషులో సవర భాషా వ్యాకరణం అచ్చయింది. ఆ తర్వాత నిఘంటువు వచ్చింది. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ లేదు, గైడ్ లేడు. అయినా పిన్ని అడిగిన స్పెషలిస్టు ట్రైనింగ్ ఇదే అనిపించింది నాకు.

మనకి తెలిసిన వాడుక భాష ఉద్యమం ఈ సవర పని మొదలయ్యాక వచ్చిందే. 1906 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీష్ దొర ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకుందని అతని సందేహం. అది గురజాడ, గిడుగుల దాకా వచ్చింది. సవర బిడ్డకి సొంత మాటలో చదువు చెప్పిన మనిషికి తెలుగు బిడ్డ కష్టం వెంటనే కనపడి ఉంటుంది. తెలుగు బిడ్డ కూడా బళ్ళో వేరే భాష చదువుతున్నట్టే కదా! 1911లో రిటైరయ్యాక ఊరూరా తిరిగాడు. పండితుల సభలకి పుస్తకాల మోపుతో వెళ్ళి, పాత గ్రంథాల్లోనే వాడుక మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో పేజీ తీసి చూపించేవాడు. జయంతి రామయ్య పంతులు గారి లాంటి పెద్దవాళ్ళు గట్టిగా ఎదురు నిలిచారు. 1915లో గురజాడ పోయాడు. 1919లో తెలుగు అనే పత్రిక పెడితే ఏడాదికి మించి నడవలేదు. అదే ఏడు వీరేశలింగం గారు అధ్యక్షుడిగా వాడుక భాష కోసం ఒక సమాజం మొదలైంది.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. యాభై ఏళ్ళకి పైగా ఉన్న ఊరు వదిలి, డెబ్బై దాటిన వయసులో రాజమండ్రి వచ్చేశాడు. 1940 జనవరి 22న మద్రాసులో పోయాడు. స్కూలు పుస్తకాలన్నీ మన మాటల్లోకి రావడం ఆయన చూడలేదు.

ఇదంతా పిన్నికి ఫోన్లో చెప్పా. ఆమె ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టింది. రోజూ క్లాసులో తండా పిల్లల్ని అడిగి నీళ్ళు, అన్నం, మేక లాంటి మాటలు వాళ్ళ భాషలో ఎలా అంటారో రాసుకుంటోంది. ఒకవైపు సుగాలి మాట, ఒకవైపు తెలుగు మాట. దాన్ని టైప్ చేసే పని నాది. ఆ పిల్లల్లో ఒకడు ఎప్పుడూ నోరు విప్పేవాడు కాదట. ఇప్పుడు పిన్ని వాళ్ళ మాట తప్పు పలికితే సరిదిద్దుతున్నాడట.

నా సంగతంటారా? రోజుకో పేజీ తెలుగు పైకి చదువుతున్నా. ఇంకా నత్తి నత్తిగానే. ఈ వ్యాసం టైప్ చేయడానికి మూడు రాత్రులు పట్టింది, తప్పులు మన క్లబ్ సీనియర్లు దిద్దారు. ఈసారి ఆగస్టు 29న ఉత్త స్టేటస్‌లతో సరిపెట్టకుండా ఒక్కొక్కరం ఒక పేజీ పైకి చదువుదాం, వస్తారా? దసరాకి ఊరెళ్తున్నా. జేజి దగ్గర ఇంకో పెళ్ళి పత్రిక రెడీగా ఉందంట.