నీళ్లకు లొంగని వాచీ వెనక ఓ వలస జీవి

కువైట్ నుంచి సెలవుకు ఊరెళ్లే మనవాళ్ల పెట్టెలో చేతి వాచీకి ఎప్పుడూ చోటుంటుంది. నాన్నకో, బావమరిదికో ఇస్తూ, నీళ్లు పడినా ఏమీ కాదని ధైర్యంగా చెబుతాం. ఆ ధైర్యం వెనక, బతుకుతెరువు కోసం దేశాలు తిరిగిన ఒక మనిషి ఉన్నారు. ఆయనే రోలెక్స్ వ్యవస్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్.

1881లో జర్మనీలోని కుల్మ్‌బాఖ్‌లో పుట్టిన ఆయన, 12 ఏళ్లకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నారు. బంధువులు కుటుంబ వ్యాపారాన్ని అమ్మేసి ఆయన్ను హాస్టల్ బడిలో చేర్చారు. చదువయ్యాక జెనీవాలో ఓ ముత్యాల వ్యాపారి దగ్గర పని నేర్చుకున్నారు. 1900లో స్విట్జర్లాండ్‌లోనే ఓ వాచీల ఎగుమతి సంస్థలో గుమాస్తాగా చేరారు. జేబు గడియారాలకు రోజూ కీ ఇవ్వడం కూడా ఆయన పనే. 1903లో లండన్ చేరి, 1905లో ఆల్ఫ్రెడ్ డేవిస్‌తో కలిసి సొంత సంస్థ పెట్టారు. 1908లో రోలెక్స్ పేరు నమోదైంది. మొదటి ప్రపంచ యుద్ధం వేళ బ్రిటన్ దిగుమతి సుంకాలు పెంచడంతో, 1919లో మకాం జెనీవాకు మార్చారు.

అప్పట్లో మగవాళ్లు గడియారాన్ని జేబులోనే పెట్టుకునేవారు. చేతికి కడితే దుమ్ము, చెమట, నీరు లోపలికి చేరేవి. 1926లో ఆయన తెచ్చిన ఆయిస్టర్ వాచీకి వెనక మూత, అద్దం చుట్టూ ఉండే బిళ్ల, కీ తిప్పే గుండీ మూడూ మరలతో బిగుసుకునేవి. ఆయిస్టర్ అంటే ముత్యపు చిప్ప. చమురుకు ముందు ముత్యాల వేటతో బతికిన కువైట్‌లో ఉంటున్న మనకు ఆ పేరులోని గట్టిదనం వేరే చెప్పాలా?

1927 అక్టోబర్‌లో ఇంగ్లిష్ చానల్ ఈదిన మెర్సిడెస్ గ్లీట్జ్ విజయంపై అనుమానాలు రావడంతో, ఆమె మళ్లీ ఈతకు దిగారు. ఈసారి విల్స్‌డార్ఫ్ ఇచ్చిన వాచీ ఆమె వెంట ఉంది. చలికి తట్టుకోలేక పది గంటల తర్వాత ఆమె పడవెక్కాల్సి వచ్చినా, వాచీ మాత్రం ఆగలేదు. ఆ సంగతిని ఆయన పత్రిక మొదటి పేజీలో ప్రకటనగా వేయించారు.

ఇంకో చిక్కు మిగిలింది. కీ ఇవ్వడానికి రోజూ గుండీ మర విప్పాలి, మళ్లీ బిగించడం మరిచిపోతే నీళ్లు చేరతాయి. చేయి కదలికతో తనంతట తానే కీ తిరిగే వాచీని 1931లో తెచ్చి దానికీ దారి చూపారు. పిల్లలు లేని ఆయన, భార్య పోయాక తన వాటాలను ఒక ఫౌండేషన్‌కు అప్పగించారు. 1960 జనవరిలో ట్రియెస్ట్ జలాంతర నౌక బయట కట్టిన ప్రత్యేక రోలెక్స్, దాదాపు 11 కిలోమీటర్ల సముద్రపు లోతుకు వెళ్లి నడుస్తూనే పైకి వచ్చింది. అదే ఏడాది జులైలో ఆయన కన్నుమూశారు.

ఆయన బిగించిన మరలకు తోడు, నేటి వాచీల్లో నీటిని ఆపేది రబ్బరు వాషర్లే. కువైట్ ఎండకు, చెమటకు, ఏళ్ల వాడకానికి అవి గట్టిపడి పట్టు వదిలేస్తాయి. 30 మీటర్లు అని రాసి ఉన్నా ఈతకు పనికిరాదు, అది చేతులు కడిగేటప్పుడు పడే తుంపర్లకే. సముద్ర స్నానం తర్వాత మంచినీళ్లతో కడగాలి. నీళ్లలో గుండీ ముట్టుకోకూడదు. బ్యాటరీ మార్చినప్పుడల్లా వాషర్లు చూపించి, గాలి ఒత్తిడి పరీక్ష చేయించాలి. మూత సరిగా బిగిసిన వాచీ ఒత్తిడికి కాస్త నొక్కుకుంటుంది, గాలి లోపలికి దూరితే ఆ మార్పు కనబడదు. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

ఈసారి ఊళ్లో వాచీ ఇచ్చేటప్పుడు, ఏడాదికోసారి పరీక్ష చేయించమని కూడా చెప్పి ఇద్దాం.