ఆకాశంలో దారులు వేసిన మార్కోని

ఒకే గదిలో పదిమంది ఒక్కసారిగా మాట్లాడితే ఏ ఒక్కరి మాటా వినబడదు. వైర్‌లెస్ పుట్టిన కొత్తలో ఆకాశానికీ ఈ ఇబ్బందే కలిగింది. దానికి ఉపాయం వెదకినవారిలో ప్రముఖుడైన గుగ్లియెల్మో మార్కోని జీవితాన్ని మన విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

మార్కోని 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోనా నగరంలో జన్మించాడు. తండ్రి ఇటలీ భూస్వామి. తల్లి ఐర్లండు వనిత. విశ్వవిద్యాలయ పట్టం లేని ఈ యువకుడు హెర్ట్జ్ పరిశోధనలచే ఆకర్షితుడై, 1895లో స్వగృహం వద్దనే తీగలు లేకుండా సంకేతాలు పంపగలిగాడు. 1896లో తల్లితో లండను చేరి పేటెంటుకు దరఖాస్తు చేశాడు; మరుసటి యేడు సంస్థను నెలకొల్పాడు.

ఆనాటి యంత్రాలు విద్యుత్ రవ్వలతో పుట్టించే తరంగాలు ఒక్క పౌనఃపున్యానికి కట్టుబడి ఉండేవి కావు. అందుచేత సమీపంలోని రెండు కేంద్రాలు ఒకేసారి పనిచేస్తే సంకేతాలు కలగాపులగమయ్యేవి. ఆలివర్ లాడ్జ్ 1897లోనే శ్రుతి పద్ధతికి పేటెంటు కోరాడు. మార్కోని ఆ మార్గాన ముందుకు సాగి, పంపేచోటా అందుకొనేచోటా తీగచుట్టలనూ కండెన్సర్లనూ వీణ తంత్రుల వలె ఒకే శ్రుతికి తెచ్చాడు. 1900 నాటి ఈ పేటెంటు సంఖ్య 7777. 1901 డిసెంబరులో అట్లాంటిక్ ఆవలికి సంకేతం అందినట్లు ప్రకటించాడు. 1909లో బ్రౌన్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

అయితే దారులు వేసినవాడే వాటికి తలుపులూ బిగించాడు. ఇతర సంస్థల యంత్రాలున్న ఓడలతో మాట్లాడరాదని ఆయన సంస్థ తన ఉద్యోగులను కట్టడి చేసింది. 1906 బెర్లిన్ ఒప్పందం ఈ పద్ధతిని కాదన్నది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిన రాత్రి, సమీపంలోని కాలిఫోర్నియన్ ఓడ మంచుగడ్డల వార్త చెప్పబోగా, అది తమ పనికి అడ్డుపడిందని టైటానిక్ ఆపరేటరు కసిరాడు. అవతలి ఆపరేటరు కొంతసేపటికి యంత్రం కట్టి నిద్రపోయాడు. ఆపదలోని పిలుపు ఆ ఓడకు వినబడలేదు. దూరం నుండి వచ్చిన కార్పాతియా సుమారు 700 మందిని రక్షించగా, దాదాపు 1500 మంది మరణించారు. ఆ యేడే అమెరికా వైర్‌లెస్ కేంద్రాలకు లైసెన్సులనూ, తరంగాల కేటాయింపునూ చట్టం చేసింది.

1923లో ఫాసిస్టు పార్టీలో చేరడం ఆయన కీర్తికి మచ్చయే. 1937 జూలై 20న రోమ్‌లో మరణించినప్పుడు బ్రిటను రేడియో కేంద్రాలు రెండు నిమిషాలు మౌనం వహించాయి.

నేటి మెష్ వ్యవస్థలో ఒక కేంద్రం సంకేతాన్ని మరొకటి అందుకొని ముందుకు పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిపై ఒకటి పడని చానెళ్లు సాధారణంగా 1, 6, 11 అనే మూడే. పొరుగువారికి ఒకే చానెల్ ఇస్తే పరస్పరం అడ్డుపడతారు. వేర్వేరువి ఇస్తే పరస్పరం వినలేరు. సమస్య మార్కోని నాటిదే. ఒకరి మాటకు ఒకరు అడ్డు రాకుండా, ఒకరికొకరు దూరమూ కాకుండా మెలగడం యంత్రాలకే గాక మనకూ నేర్వవలసిన విద్య అని మేము భావిస్తున్నాము.