ఎర్ర ముద్ర వెనుక పిట్నీ తాళం

వెల్లిచందై (ధర్మపురి జిల్లా): ఈ ఊరికి సంత పేరులోనే ఉంది. తమిళంలో వెల్లి అంటే శుక్రవారం, చందై అంటే సంత. వెల్లి అంటే వెండి అని కూడా అర్థం ఉందనుకోండి, అది వేరే కథ. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో మనవాళ్ల ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. ఇక్కడ తబాల్ అన్నా, సరిహద్దు దాటి కుప్పంలో తపాలా అన్నా సంచీలో వచ్చేది ఒకటే.

ఆ సంచీలోంచి మీ ఇంటికి బ్యాంకు నుంచో, బీమా ఆఫీసు నుంచో వచ్చిన కవరు ఒకటి తీసి చూడండి. చాలాసార్లు దాని మీద స్టాంపు ఉండదు. స్టాంపు ఉండాల్సిన మూలన ఎర్ర సిరాతో ముద్ర ఉంటుంది. అందులో ధర, తేదీ, ఊరు, యంత్రం నంబరు కనిపిస్తాయి. ఫ్రాంకింగ్ అంటారు దాన్ని. చిన్నప్పుడు స్టాంపులు పోగుచేసిన వాళ్లకు ఇలాంటి కవరు వస్తే చిరాకు. నీళ్లలో ఎంతసేపు నానబెట్టినా ఊడొచ్చేది ఏమీ లేదు.

ఆలోచిస్తే ఇది మామూలు విషయం కాదు. స్టాంపు అంటే డబ్బుతో సమానం. దాన్ని సర్కారు తన ప్రెస్సులో, కాపలా మధ్య అచ్చు వేస్తుంది. అలాంటిది ఒక ప్రైవేటు ఆఫీసులో, ఒక మూలన, మామూలు గుమస్తా చేతిలో ఉన్న యంత్రం తపాలా ఖర్చును అచ్చేస్తోంది. దొంగ అచ్చు వేసుకోకుండా వాణ్ని ఆపేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఇరవై ఏళ్లు తిరిగిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు ఆర్థర్ పిట్నీ.

గోడ కాగితాల కొట్లో గుమస్తా

పిట్నీ 1871లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం క్విన్సీలో పుట్టారు. పెద్ద చదువుల ఇంజినీరేం కాదు. షికాగోలో గోడలకు అంటించే రంగు కాగితాలు అమ్మే కొట్లో గుమస్తాగా పనిచేశారు. ఆ కాలంలో వ్యాపారమంతా ఉత్తరాల మీదే నడిచేది. కేటలాగులు, బిల్లులు, బాకీ చీటీలు, అన్నీ పోస్టులోనే పోవాలి. అంటే ఆఫీసు సొరుగు నిండా స్టాంపులు ఉండాలి.

సొరుగులో స్టాంపులుంటే ఏమవుతుందో ఆఫీసుల్లో పనిచేసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకడు సొంత ఉత్తరానికి ఒకటి అంటిస్తాడు, ఇంకొకడు నాలుగు జేబులో వేసుకుంటాడు. స్టాంపు మీద పేరుండదు, ఎక్కడైనా చెల్లుతుంది. నెల చివర లెక్క తేలదు. పైగా ఒక్కోదాన్ని చింపి, తడిపి, అంటించడానికి పట్టే టైము వేరే. ఈ రెండు బాధలూ పిట్నీ దగ్గర నుంచి చూశారు. దొంగతనం బాధే ఆయన్ని యంత్రం వైపు నడిపించిందని చెప్పాలి. అసలు స్టాంపే లేకుండా చేస్తే పోలేదా అనుకున్నారు.

1901 నాటికి చేత్తో తిప్పే యంత్రం ఒకటి తయారైంది. 1902 అక్టోబరు 14న పేటెంటు వచ్చింది. అందులో ముద్రకొట్టే అచ్చు ఉంది, ఎన్ని కొట్టిందో లెక్కపెట్టే చక్రాలున్నాయి, డబ్బు అయిపోగానే బిగుసుకుపోయే తాళం ఉంది. రబ్బరు స్టాంపు చెయ్యడం ఎవరికైనా వస్తుంది. పిట్నీ గొప్పతనం ఈ మూడింటినీ విడదీయరాకుండా కలపడంలో ఉంది.

అది ఎలాగంటే, అచ్చూ లెక్కచక్రాలూ ఒకే పెట్టెలో ఉంటాయి, ఒకదానికొకటి బిగించి ఉంటాయి. ముద్ర పడాలంటే పిడి తిరగాలి, పిడి తిరిగితే లెక్క కదలాల్సిందే. లెక్క కదలకుండా ముద్ర పడదు. ముందుగా కట్టిన డబ్బు అయిపోతే లోపల కొక్కెం పడి పిడి ఆగిపోతుంది. మళ్లీ తెరవాలంటే తాళంచెవి కావాలి. ఆ తాళంచెవి యంత్రం వాడేవాడి దగ్గర ఉండదు, చేసినవాడి దగ్గరా ఉండదు, పోస్టాఫీసులో ఉంటుంది. మన సెల్‌ఫోన్ రీచార్జి లాంటిదే. ముందు డబ్బు కడితేనే మాట, అయిపోతే కట్. కాకపోతే పిట్నీ దాన్ని కరెంటు కూడా లేకుండా పళ్లచక్రాలతో చేశారు.

నమ్మించడమే పెద్ద పని

యంత్రం అయిపోయింది కదా, ఇక డబ్బే డబ్బు అనుకుంటే పొరపాటు. కొనాల్సింది వ్యాపారులే గానీ ఒప్పుకోవాల్సింది సర్కారు. పిట్నీ పేటెంటు లాయరు యూజీన్ రమ్లర్‌తో కలిసి సొంత కంపెనీ పెట్టారు. తపాలా శాఖ గుమ్మం ఎక్కడం మొదలుపెట్టారు.

పెద్దాఫీసర్ల భయాన్ని కొట్టిపారేయలేం. పెట్టె తెరిచి చక్రం వెనక్కి తిప్పితే? సీలు ఊడదీసి మళ్లీ వేస్తే? స్టాంపు అయితే సొంత ప్రెస్సులో లెక్కతో బయటికి వస్తుంది. ఈ యంత్రం ఊరూరా చేరితే ప్రతి ఆఫీసూ ఒక చిన్న ముద్రణాలయమే. ఎక్కడని కాపలా కాస్తారు? పైగా చట్టం కూడా మారాలి. 1904లో వచ్చిన చట్టంతో ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. ఒకేరకం సరుకు, అంటే కేటలాగులూ కరపత్రాల్లాంటివి, ఒక్కసారే కనీసం 2,000 పంపితే స్టాంపు అక్కర్లేదన్నారు. కానీ వ్యాపారానికి ప్రాణమైన మామూలు ఉత్తరాలకు ఆ వీలు లేదు. పిట్నీకి కావాల్సింది అదే.

ఏళ్లు గడిచాయి. 1912లో కంపెనీ పేరు అమెరికన్ పోస్టేజ్ మీటర్ కంపెనీ అయింది. పేరు మారింది గానీ రాత మారలేదు. ఈలోగా వేరే దేశాల్లో కూడా ఇదే ఆలోచన సాగుతోంది. న్యూజిలాండులో ఎర్నెస్ట్ మాస్ అనే ఆయన చేసిన యంత్రం 1900ల మొదట్లోనే వాడకంలోకి వచ్చింది. నార్వేలోనూ ప్రయోగాలు జరిగాయి. చిన్న దేశాలు ముందుకెళితే అంత పెద్ద అమెరికా ఆగిపోయింది. పెద్ద ఆఫీసులో ఫైలు కదలడం ఎంత కష్టమో మనకు తెలియనిదా!

చంపే యంత్రం ఆయన, మాన్పించే యంత్రం ఈయన

చివరికి తలుపు తెరిచింది వాల్టర్ బోవ్స్ అనే వ్యాపారి. 1882లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన మనిషి. మాటకారి, అమ్మకం తెలిసినవాడు. ఈయన యూనివర్సల్ స్టాంపింగ్ మెషిన్ కంపెనీ చేసేది ఏమిటంటే, ఉత్తరాల మీది స్టాంపులకు నల్లగీతలు కొట్టి చెల్లకుండా చేసే యంత్రాలు. పోస్టాఫీసుల్లో వాటి వాడకం ఉండేది కాబట్టి శాఖలో ఎవరిని ఎలా కలవాలో బోవ్స్‌కు తెలుసు. స్టాంపును చంపే యంత్రం ఈయనది, స్టాంపే వద్దనే యంత్రం పిట్నీది. వాళ్లిద్దరూ కలవడం విచిత్రమే. స్టాంపులు పోతే తన వ్యాపారమూ పోతుందని బోవ్స్ ముందే పసిగట్టి ఉండొచ్చని ఈ విలేకరి ఊహ.

1919లో ఇద్దరూ చేతులు కలిపారు. 1920లో అమెరికా కాంగ్రెస్ మామూలు ఉత్తరాలకు కూడా ముద్ర చెల్లేలా చట్టం చేసింది. ఆ ఏప్రిల్ 23న పిట్నీ బోవ్స్ పోస్టేజ్ మీటర్ కంపెనీ పుట్టింది. కనెక్టికట్ రాష్ట్రంలోని స్టామ్‌ఫర్డ్ దాని ఊరు. సెప్టెంబరు 1న వాళ్ల మోడల్ ఎం యంత్రాన్ని తపాలా శాఖ ఒప్పుకుంది. పేటెంటు నుంచి లెక్కేస్తే దాదాపు పద్దెనిమిదేళ్లు. అప్పటికి పిట్నీకి యాభై దగ్గరపడింది.

మోడల్ ఎం రెండు ముక్కలుగా ఉండేది. పెద్దది కవరు అంటించి ముందుకు తోసే యంత్రం, అది ఆఫీసులోనే ఉంటుంది. చిన్నది మీటరు, అచ్చూ లెక్కా ఉన్న పెట్టె. దాన్ని ఊడదీసి పోస్టాఫీసుకు పట్టుకెళ్లాలి. డబ్బు కట్టాలి. వాళ్లు తెరిచి, లెక్క పెట్టి, సీలు వేసి ఇస్తారు. ఆఫీసర్ల భయానికి పిట్నీ పక్షం ఇచ్చిన జవాబు ఈ విడిపోయే పెట్టే. యంత్రం మీది, మీటరు మీద పెత్తనం సర్కారుది. తర్వాతి కాలంలో కూడా అక్కడ మీటరును అద్దెకే ఇచ్చేవారు, అమ్మేవారు కాదు.

తర్వాత వచ్చిన మీటర్లలో రెండు లెక్కలు పక్కపక్కన నడుస్తాయి. ఒకటి ఇప్పటిదాకా వాడినది, పెరుగుతూ పోతుంది. రెండోది మిగిలినది, తగ్గుతూ పోతుంది. ఉదాహరణకు వాడినది 12,000 రూపాయలు, మిగిలినది 5,000 అనుకోండి. మొత్తం 17,000. ఐదు రూపాయల ముద్ర ఒకటి కొడితే 12,005, 4,995 అవుతాయి. మొత్తం మళ్లీ 17,000. తిరిగి డబ్బు కట్టేదాకా ఈ మొత్తం మారకూడదు. ఒక్క రూపాయి తేడా వచ్చినా ఎవరో వేలు పెట్టారని అర్థం. మన కిరాణా కొట్టు లెక్క లాంటిదే గానీ, ఇందులో కొట్టివేతలుండవు.

1920లో మాడ్రిడ్‌లో జరిగిన ప్రపంచ తపాలా మహాసభ ఈ ముద్రలకు దేశాల మధ్య కూడా చెల్లుబాటు ఇచ్చింది. 1922 జనవరి నుంచి ముద్ర కొట్టిన ఉత్తరం సముద్రాలు దాటింది. పిట్నీ కల పండింది.

అయితే ఆయన ఇంట్లో దీపం ఎక్కువకాలం వెలగలేదు. బోవ్స్‌తో పొసగలేదు. ఒకరు యంత్రం మనిషి, ఒకరు వ్యాపారం మనిషి. 1924లో పిట్నీ కంపెనీ వదిలి వచ్చేశారు. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసి, నాలుగేళ్లు కూర్చున్నారంతే. 1933లో కన్నుమూశారు. అప్పటికి అమెరికా ఆఫీసుల్లో ఆ మీటర్ల చప్పుడు మామూలైపోయింది.

బోవ్స్ 1957 దాకా బతికారు. ఆయన తర్వాత సవతి కొడుకు వాల్టర్ వీలర్ కంపెనీని పెద్దది చేశారు. ఎంత పెద్దదంటే, మీటర్ల వ్యాపారమంతా ఒక్కరి చేతిలోనే ఉందని అమెరికా సర్కారు కేసు పెట్టింది. 1959లో రాజీ కుదిరింది, పేటెంట్లు ఇతరులకు కూడా ఇవ్వాల్సి వచ్చింది. మోడల్ ఎం మాత్రం అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం గుర్తించిన చారిత్రక యంత్రాల జాబితాలో చేరింది.

తాళం పోయి లెక్కల గుట్టు వచ్చింది

మన దేశంలోనూ ఇదే పద్ధతి నడిచింది. తపాలా శాఖ లైసెన్సు లేకుండా ఫ్రాంకింగ్ యంత్రం వాడకూడదు. డబ్బు కట్టి, యంత్రాన్ని పోస్టాఫీసుకు మోసుకెళ్లి సెట్ చేయించుకోవాలి. ముద్ర కొట్టిన ఉత్తరాలను ఎర్ర డబ్బాలో పడెయ్యడం కాదు, ఆ రోజు లెక్కచీటీతో సహా చెప్పిన కౌంటర్లోనే ఇవ్వాలి. ముద్ర ఎర్రగా, స్పష్టంగా ఉండాలి. ఇవన్నీ మొత్తం వ్యవస్థకు వేసిన తాళాలే.

పిట్నీ తాళానికి తీరని లోపం ఒకటుంది. అది పెట్టెను కాపాడుతుంది, కాగితాన్ని కాపాడలేదు. ఎర్ర ముద్రను రంగుల జిరాక్సులో దింపితే పెట్టెలో లెక్క కదలదు. ఆయన కాలంలో అలాంటి మిషన్ లేదు, పాపం ఆయన తప్పేం లేదు. 1990లలో అమెరికా తపాలా శాఖ పళ్లచక్రాల మీటర్లను ఒక్కొక్కటే పక్కనపెట్టించింది. వాటి చోట వచ్చిన ముద్రలో చుక్కల చదరం ఉంటుంది. యంత్రం నంబరు, ధర, తేదీ, లెక్కలు అన్నీ అందులో ఉంటాయి. దానికి తోడు పెట్టె లోపల దాచిన రహస్య సంఖ్యతో వేసిన సంతకం ఉంటుంది. అంకె ఒక్కటి మార్చినా సంతకం సరిపోదు. ఉన్నది ఉన్నట్టు దింపితే, స్కాన్ చేసినప్పుడు ఒకే ముద్ర రెండుసార్లు వచ్చినట్టు తేలిపోతుంది. పెట్టె పగలగొట్టబోతే రహస్య సంఖ్య దానంతటదే చెరిగిపోతుంది. మన దగ్గర కూడా మోసుకెళ్లే బాధ తగ్గి, దూరం నుంచే డబ్బు ఎక్కించే యంత్రాలు వచ్చాయి. 1898 నాటి పోస్టాఫీసు చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, అది 2024 జూన్ నుంచి అమల్లో ఉంది.

కాగితం మీది ముద్రను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో మన పక్కనే చూశాం. బెళగావి జిల్లా ఖానాపూర్‌కు చెందిన తెల్గీ నకిలీ స్టాంపు పేపర్ల కేసు గుర్తుందిగా. అవి తపాలా స్టాంపులు కావు, రిజిస్ట్రేషన్ల కాగితాలు. ఆయనకు ముప్పై ఏళ్ల జైలు పడింది, 2017లో బెంగళూరులో చనిపోయారు. ఆ కుంభకోణం తర్వాత దస్తావేజుల మీద కూడా ముద్రకొట్టే యంత్రాల మాట, కంప్యూటర్లో ఇచ్చే ఈ-స్టాంపుల మాట గట్టిగా వినిపించింది. భూమి రాయించుకోవడానికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లిన రైతుకు ఈ తేడా తెలుసు.

ఇక పిట్నీ సంగతి. ఆయన వదిలేసి వచ్చిన ఆ కంపెనీ నూరేళ్లు దాటి నడిచింది. 1945లో పేరు కత్తిరించి చిన్నది చేశారు, అయినా ముందున్న మాట తీయలేదు. వెళ్లిపోయిన పిట్నీ ముందు, ఉండిపోయిన బోవ్స్ వెనుక.