సూర్యుని దూరం కొలిచిన సర్ డేవిడ్ గిల్

భూమికి, సూర్యునికి మధ్య దూరం దాదాపు 15 కోట్ల కిలోమీటర్లని మన పిల్లలు బడిలో నేర్చుకుంటారు. ఆకాశంలోని మిగతా దూరాలకు ఇదే కొలబద్ద. దీనిని సరిదిద్దిన మహనీయులలో ఒకరు మన దక్షిణాఫ్రికాలో పనిచేశారు. ఆయనే సర్ డేవిడ్ గిల్.

గిల్ 1843లో స్కాట్లండులోని అబర్డీన్ పట్టణంలో జన్మించారు. తండ్రి గడియారాల వ్యాపారి. కొడుకు కూడా కొంతకాలం ఆ వ్యాపారమే చేశారు. కాని మనసంతా నక్షత్రాల మీదే. 1872లో వ్యాపారం వదులుకొని లార్డ్ లిండ్సే వేధశాలలో చేరారు.

1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం చూడడానికి మారిషస్ వెళ్ళారు. శుక్రుడు సూర్యుని అంచును తాకే క్షణం స్పష్టంగా కనిపించదు. అందుచేత గిల్ అక్కడే జూనో అనే చిన్న గ్రహంతో వేరొక పద్ధతిని పరీక్షించారు.

ఆ పద్ధతి ఏమిటి? బొటనవేలు ముక్కు ముందు పెట్టి, ఒక్కొక్క కన్ను మూసి చూడండి. వేలు జరిగినట్లు కనిపిస్తుంది. అలాగే సాయంత్రం నుంచి తెల్లవారేలోపు, తిరిగే భూమి మనను వేల కిలోమీటర్లు మోసుకుపోతుంది. దగ్గరి గ్రహం నక్షత్రాల మధ్య కొంచెం జరిగినట్లు కనిపిస్తుంది. ఆ జరుగుడును కొలిస్తే గ్రహం దూరం తెలుస్తుంది. గ్రహాల దూరాల నిష్పత్తులు కెప్లర్ సూత్రం వల్ల ముందే తెలుసు. కనుక ఒక్క దూరం దొరికితే సూర్యుని దూరమూ దొరుకుతుంది.

1877లో కుజుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు భార్య ఇసొబెల్‌తో అసెన్షన్ ద్వీపం వెళ్ళారు. అక్కడ మబ్బులు అడ్డుపడ్డాయి. దంపతులు నిరాశ చెందక, పరికరాలను మరొక సముద్రతీరానికి మార్చి పని సాధించారు.

1879లో కేప్‌టౌన్‌లోని రాజవేధశాలకు అధిపతి అయ్యారు. మన పెద్దలు నేటాల్ చెరకు తోటలలో చెమటోడ్చిన రోజులవి. 1888, 1889 సంవత్సరాలలో ఐరిస్, విక్టోరియా, సాఫో అనే చిన్న గ్రహాలను గిల్ రాత్రుల తరబడి కొలిచారు. ఇతర దేశాల వేధశాలలు తోడ్పడ్డాయి. సూర్యుని నుంచి చూస్తే భూమి వ్యాసార్ధం చేసే కోణం 8.80 వికలలని తేలింది. ఒక డిగ్రీకి 3600 వికలలు. ఆ లెక్కన దూరం సుమారు 14 కోట్ల 95 లక్షల కిలోమీటర్లు.

అంతవరకు ఒక్కొక్క దేశం ఒక్కొక్క అంకె వాడేది. 1896లో పారిస్ సభ 8.80ని అందరికీ ప్రమాణంగా స్వీకరించింది. 1968 వరకు అదే నిలిచింది. గిల్ 1914లో లండన్‌లో కన్నుమూశారు.

తరువాత రాడార్ వచ్చింది. 2012లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఖగోళ ప్రమాణాన్ని సరిగ్గా 149,597,870,700 మీటర్లుగా నిర్ణయించింది. గిల్ కొలతలో తేడా సుమారు లక్ష కిలోమీటర్లు, అంటే వెయ్యింట ఒక వంతు కూడా కాదు!

కొలత సరిగా ఉండాలంటే ఓర్పు కావాలి. అది అందరిదీ కావాలంటే ఐకమత్యం కావాలి. మన పిల్లలు ఈ రెండూ నేర్చుకొందురు గాక.