హెర్షెల్ – కానరాని కిరణాలు

వస్తువును తాకకుండానే దాని ఉపరితల ఉష్ణోగ్రతను తెలిపే పరారుణ థర్మామీటరు నేడు ఆసుపత్రులలోను, కర్మాగారాలలోను కనిపిస్తుంది. అది గ్రహించే కిరణాలు కంటికి కానరావు. వాటి ఉనికిని లోకానికి తెలిపిన విలియం హెర్షెల్ వృత్తిరీత్యా సంగీత విద్వాంసుడు.

హెర్షెల్ 1738 నవంబరు 15న జర్మనీలోని హానోవర్‌లో జన్మించాడు. తండ్రి సైనిక వాద్యబృందంలో ఓబో అనే సుషిరవాద్యాన్ని వాయించేవాడు. 1757లో ఇంగ్లండు చేరిన హెర్షెల్ కొంతకాలానికి బాత్ నగరంలో ప్రార్థనామందిరపు ఆర్గన్ వాదకుడుగా స్థిరపడ్డాడు. రాత్రివేళల్లో ఆకాశమే ఆయన లోకం. దూరదర్శినికి కావలసిన లోహదర్పణాలను స్వయంగా పోతపోసి, గంటల తరబడి మెరుగుపెట్టేవాడు. పని నుండి చేయి తీయరాని ఆ వేళల్లో చెల్లెలు కరోలిన్ ఆయన నోటికి ఆహారం అందించేది. 1781 మార్చి 13న యురేనస్ గ్రహాన్ని కనుగొనడంతో ఆయన కీర్తి దశదిశలా వ్యాపించింది. మరుసటి ఏడు మూడవ జార్జి రాజు ఏటా 200 పౌండ్ల భృతి ఏర్పరచగా సంగీతవృత్తికి స్వస్తి చెప్పాడు.

సూర్యుని పరిశీలించేటప్పుడు ఆయన రంగుటద్దాలను అడ్డుపెట్టుకొనేవాడు. కొన్ని అద్దాల గుండా వెలుగు స్వల్పంగా వచ్చినా వేడి అధికంగా సోకేది. మరికొన్నింటి తీరు ఇందుకు భిన్నం. ఏ రంగులో ఎంత వేడి ఉన్నదో తేల్చడానికి 1800లో ఎండను గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో థర్మామీటరు బుడ్డిని ఉంచాడు. ఈ ప్రయోగంలో ఆయన చూపిన జాగ్రత్త మెచ్చదగినది. కిరణాలను చక్కగా పీల్చుకొనేందుకు బుడ్డికి నలుపు పూశాడు. గదిలోని వేడిమి లెక్కను తారుమారు చేయకుండా, వర్ణపటానికి వెలుపల మరి రెండు థర్మామీటర్లను పోలిక కోసం నిలిపాడు. ఫారన్‌హీట్ మానంలో ఊదారంగులో 2, ఆకుపచ్చలో 3.25, ఎరుపులో దాదాపు 7 డిగ్రీల పెరుగుదల కనబడింది. ఎరుపును దాటి, వెలుగే లేని చోట పాదరసం మరింత పైకి పాకింది!

వెలుగు, వేడి ఒకే జాతివని తొలుత భావించిన హెర్షెల్, ఆ ఏడు ముగియకముందే అవి వేర్వేరని నిశ్చయించాడు. నిజానికి మొదటి ఊహే సత్యానికి చేరువ. స్కాట్లండుకు చెందిన జాన్ లెస్లీ అయితే ఆ కిరణాల ఉనికినే అంగీకరించక, అది గాలి వలన కలిగిన భ్రమ అని వాదించాడు. అట్టి లెస్లీయే 1804లో ఒక గొప్ప సత్యాన్ని ప్రకటించాడు. ఘనాకారపు లోహపాత్రలో వేడినీరు నింపినప్పుడు నల్లని ముఖం వేడిని ధారాళంగా వెదజల్లుతుంది. మెరుగుపెట్టిన ముఖం అంతే వేడిగా ఉండి కూడా స్వల్పంగానే వెలువరిస్తుంది.

పరారుణ థర్మామీటరు మోసపోయేది ఇక్కడే. తళతళలాడే స్టీలు పాత్రకు గురిపెడితే అది పాత్ర వేడిని తక్కువగా, అందులో ప్రతిబింబించే పరిసరాల వేడిని కలిపి చూపుతుంది. ఆ అంకెను నమ్మినవాని చేయి కాలవచ్చు. అందుకే పాత్రపై మెరుపులేని నల్లని పట్టీని అంటించి, దానికి పాత్ర వేడి పట్టిన తరువాత అక్కడ కొలుస్తారు. హెర్షెల్ బుడ్డికి పూసిన నలుపుకు, ఈ పట్టీకి సూత్రం ఒక్కటే: వేడిని బాగా పీల్చేది బాగా వెలువరిస్తుంది. దూరం పెరిగినకొద్దీ పరికరం చూసే వలయం విస్తరిస్తుంది కనుక వస్తువుకు దగ్గరగా నిలవడం కూడా అవసరం.

హెర్షెల్ 1822 ఆగస్టు 25న స్లౌ పట్టణంలో కన్నుమూశాడు. అప్పటికింకా ఆ కిరణాలకు పరారుణమనే పేరు ఏర్పడలేదు. ఆయన వాటిని వేడి పుట్టించే కిరణాలుగానే వ్యవహరించాడు.