పిల్లల ప్రాణం నిలిపిన డాక్టర్ బాంటింగ్

నవంబర్ 14 అనగానే మనకు నెహ్రూ గారు, బాలల దినోత్సవం గుర్తొస్తాయి. అదే తేదీన 1891లో, కెనడాలోని అలిస్టన్ దగ్గర ఒక రైతు ఇంట్లో ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టారు. అందుకే ఆ రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా.

బాంటింగ్ ర్యాంకుల విద్యార్థి కాదు. కాలేజీలో మొదటి ఏడాదే తప్పారు. తర్వాత మెడిసిన్‌కు మారి డాక్టరయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి తిరిగొచ్చి క్లినిక్ తెరిస్తే పేషెంట్లు పెద్దగా రాలేదు. 1920 అక్టోబర్ చివర్లో, విద్యార్థులకు చెప్పాల్సిన పాఠం తయారుచేసుకున్న రాత్రే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. షుగర్‌ను అదుపుచేసే పదార్థం క్లోమంలో ఉంది. అదే క్లోమంలో జీర్ణరసాలూ ఉన్నాయి. ఆ రసాలే దాన్ని పాడుచేస్తున్నాయేమో!

1921లో టొరంటో యూనివర్సిటీలో, మెక్లియాడ్ గారి ల్యాబ్‌లో, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థితో కలిసి కుక్కలపై ప్రయోగాలు చేశారు. ఆ రోజుల్లో షుగర్ వచ్చిన పిల్లలను అర్ధాకలితో ఉంచడం తప్ప మరో దారి లేదు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాబుకు మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. సరిగా పనిచేయలేదు. కాలిప్ అనే సహచరుడు మందును శుద్ధి చేశాక, జనవరి 23న మళ్లీ ఇచ్చారు. షుగర్ దిగింది. ఆ బాబు మరో 13 ఏళ్లు బతికాడు.

1923లో బాంటింగ్‌కు, మెక్లియాడ్‌కు నోబెల్ వచ్చింది. బాంటింగ్ తన డబ్బులో సగం బెస్ట్‌కు ఇచ్చారు. పేటెంట్ ఒక్కో డాలరుకే యూనివర్సిటీకి వెళ్లింది. 1941లో విమాన ప్రమాదంలో ఆయన చనిపోయారు.

మరి ఇప్పటికీ సూది ఎందుకు, మాత్ర చాలదా అని పిల్లలు అడుగుతారు. ఇన్సులిన్ ఒక ప్రొటీన్. మింగితే పప్పు, గుడ్డు అరిగినట్టే అదీ అరిగిపోతుంది. అందుకే శాస్త్రవేత్తలు కడుపులోని ఆమ్లానికి కరగక, పేగులోకి చేరాక కరిగే పూతతో మాత్రలు తయారుచేసి చూస్తున్నారు. కానీ పేగులో క్లోమరసాలు ఎదురవుతాయి. బాంటింగ్ భయపడిన రసాలే అవి! వాటిని దాటినా, ఇన్సులిన్ అణువు పెద్దది కాబట్టి పేగు గోడ గుండా రక్తంలోకి వెళ్లడం కష్టం. అందుకే వందేళ్లు దాటినా పరిశోధన సాగుతూనే ఉంది.

అంతవరకు కొందరు పిల్లలకు సూదే ప్రాణాధారం. మీ పాపకో బాబుకో ఇన్సులిన్ అవసరమైతే దాచకండి, క్లాస్ టీచర్‌కు తప్పక చెప్పండి. షుగర్ ఒక్కసారిగా పడిపోతే వెంటనే గుర్తించాల్సింది మేమే కదా.