సముద్రపు లోతు నెఱిగిన శాస్త్రజ్ఞుడు - లార్డ్ కెల్విన్

ఓడ నడుపు నావికునకు దిక్కు నెఱుగుట యెంత ముఖ్యమో, ఓడ క్రింది నీటి లోతు నెఱుగుటయు నంత ముఖ్యము. పొగమంచు క్రమ్మినప్పుడు తీరము కానరాదు, నక్షత్రములును కానరావు. అట్టివేళ తీరము సమీపించుచున్నదని ముందుగా తెలిసికొనుటకు లోతు తోడ్పడును. పూర్వము నావికులు సీసపు గుండును జనుపత్రాటికి కట్టి నీటిలోనికి విడిచి లోతు కొలిచెడివారు. లోతు హెచ్చుగా నున్నచోట ఇందుకై ఓడ నాపవలసివచ్చెడిది. ఓడ వేగముగా పోవుచున్నచో, లావైన త్రాటిని నీరు వెనుకకు ఈడ్చెడిది. గుండు అడుగు చేరకమునుపే ఓడ ముందుకు సాగిపోయెడిది. ఈ చిక్కును తీర్చిన మహనీయుడు విలియం థామ్సన్. లార్డ్ కెల్విన్ అను పేర ఆయన లోకప్రసిద్ధుడు.

థామ్సన్ 1824వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున జన్మించెను. ఆరేండ్లు నిండకమునుపే తల్లి మరణించెను. గణితోపాధ్యాయుడైన తండ్రియే బిడ్డలకు చదువు చెప్పెను. తండ్రికి గ్లాస్గో విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభింపగా కుటుంబము స్కాట్లండునకు తరలిపోయెను. బాలుడైన థామ్సన్ పదియవ యేటనే ఆ విశ్వవిద్యాలయమున చేరెను. పిమ్మట కేంబ్రిడ్జిలో చదివి, 1846లో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, గ్లాస్గోలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. ఏబదిమూడు సంవత్సరములు ఆ పదవియందే యుండెను. 1848లో ఆయన ప్రతిపాదించిన ఉష్ణోగ్రతామానము నేటికిని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది.

అట్లాంటిక్ మహాసముద్రము అడుగున తంతితీగ పఱచు మహాకార్యమున ఆయన పాల్గొనెను. 1858లో పఱచిన తీగ కొలదివారములకే మూగవోయెను. 1865లో మఱియొక తీగ నడిసముద్రమున తెగిపోయెను. 1866లో ప్రయత్నము ఫలించెను. ఈ యాత్రలలో ఆయనకు సముద్రముతో గాఢమైన పరిచయ మేర్పడెను. 1870లో భార్య మరణించెను. ఆ సంవత్సరమే ఆయన లాలా రూఖ్ అను తెరచాపల నావను కొని, సెలవు దినములను సముద్రముపైననే గడపసాగెను.

త్రాడు లావుగా నుండుటయే లోతు కొలుచుటలోని చిక్కునకు మూలమని ఆయన గ్రహించెను. పియానో వాద్యమునకు బిగించు సన్నని ఉక్కుతీగ మిక్కిలి గట్టిది. నీటి ఒరపిడి దానిపై స్వల్పము. 1872 జూన్ 29న బిస్కే అఖాతమున తన నావనుండి ముప్పది పౌనుల సీసపు గుండును అట్టి తీగతో విడిచెను. సుమారు 2,700 బారల లోతున, అనగా దాదాపు మూడు మైళ్ళ క్రింద, గుండు అడుగును తాకెను.

మరుసటి సంవత్సరమే లోతు చూడకుండుట యెంతటి అనర్థమో లోకమునకు తెలియవచ్చెను. 1873 ఏప్రిల్ 1న అట్లాంటిక్ అను ఓడ కెనడా దేశపు హాలిఫాక్సు సమీపమున చీకటిలో రాళ్ళను ఢీకొనెను. ఐదువందలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. తీరము సమీపించుచున్నను గుండు వేసి లోతు చూడలేదని విచారణలో తేలెను.

ఓడ నాపకయే లోతు కొలుచు యంత్రమును థామ్సన్ 1876 నాటికి నిర్మించెను. అందొక చక్రమునకు ఉక్కుతీగ చుట్టబడి యుండెను. అయినను ఓడ పోవుచుండగా తీగ ఏటవాలుగా దిగును. కావున తీగ పొడవు లోతు కానేరదు. దీనికాయన చక్కని ఉపాయము కనుగొనెను. చెంబును బోరగిల తొట్టినీటిలో ముంచినచో లోపలి గాలి నీటిని కొంతవఱకే రానిచ్చును. లోతు పెరిగినకొలది నీరు గాలిని మఱింత నొక్కును. ఆయన ఒక చివర మూసిన సన్నని గాజుగొట్టములో ఎఱ్ఱని వెండి సమ్మేళనమును పూసి, దానిని గుండుతో పాటు దింపెను. ఉప్పునీరు ఎక్కినంతమేర ఎఱుపు తెల్లబడెను. గొట్టమును పైకి తీసి, తెల్లబడిన మేరను కొలబద్దతో చూచిన లోతు తెలియును. తీగ ఎంత వాలినను కొలత చెడదు.

1892లో బ్రిటిషు ప్రభుత్వ మాయనకు ప్రభువు బిరుద మొసగెను. గ్లాస్గో విశ్వవిద్యాలయము చెంత పారు కెల్విన్ నది పేరునే ఆయన బిరుదనామముగా స్వీకరించెను. 1907 డిసెంబరు 17న ఆయన కన్నుమూసెను. లండను నగరమందలి వెస్టుమినిస్టర్ ఆబీలో న్యూటన్ సమాధి చెంత ఆయనను ఖననము చేసిరి.

తరువాతి కాలమున తీగకు బదులు ధ్వని వచ్చెను. నేటి పడవల అడుగున అమర్చు ట్రాన్స్‌డ్యూసర్ అను పరికరము ధ్వనిని క్రిందికి పంపి, ప్రతిధ్వని తిరిగివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి లోతు తెలుపును. కాని వేగము హెచ్చినప్పుడు దానికిని చిక్కు తప్పదు. పడవ అడుగున కలతచెందిన నీటిలో గాలిబుడగలు పుట్టి పరికరపు ముఖమును కప్పును. ధ్వని చెదరిపోవును, లోతు చూపు అంకెలు మాయమగును. అందుచే దానిని బుడగలు తక్కువగా నుండి, నీరు సాఫీగా జారిపోవు తావున అమర్చుదురు.

వేగముగా పోవువాడు తన క్రిందనున్న లోతును మఱచుట సులభము. వేగమును విడువకయే లోతు నెఱుగు ఉపాయమును వెదకి, అసంఖ్యాకులైన ప్రయాణికుల ప్రాణములకు రక్ష కల్పించిన కెల్విన్ ప్రభువు చిరస్మరణీయుడు.